బస్టాండు కాడ మా ఆఫ్రీన్ ఫోటో

ఎవరన్న గట్టిగ "ఆఫ్రీన్" అని పిలిస్తే నాకు ఇప్పటికీ గుండె జారుతది. పిలిచేది బడికి పోదామని వచ్చిన దాని దోస్తే అయినా సరే. హైదరాబాద్ దవాఖానల ఐసీయూ తలుపు కొంచెం తెరిచి, "ఆఫ్రీన్ తాలూకు ఎవరున్నరు?" అని సిస్టరమ్మ కేకేసేది. మందు తెమ్మనేతందుకు పిలుస్తున్నదో, ఇంక దేనికన్న పిలుస్తున్నదో తెల్వక, కూసున్న కాడి నుంచి లేసేతందుకు కాళ్లు వచ్చేటివి కావు. ఇప్పుడు నా బిడ్డకు బాగైంది. ఆ కేక మాత్రం నా చెవులల్లకెంచి పోతలేదు. రాసుకుంటే పోతదేమోనని రాస్తున్న. ఇసొంటిదే ఇంకో ఇంట్ల వస్తే జర తొందరగ తెలుసుకుంటరని గూడ రాస్తున్న.

ఫిబ్రవరి

మాది తొర్రూరు. మా ఆయన యాకూబ్‌కు బస్టాండు రోడ్డు మీద మోటర్ వైండింగ్ దుకాణం ఉన్నది. రైతుల బోరు మోటర్లు కాలిపోతే పాత తీగ తీసేసి కొత్త రాగితీగ చుట్టి ఇస్తడు. నేను ఇంట్ల జాకెట్లు కుడుత. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఆఫ్రీన్, నాలుగో తరగతి. చిన్నది నౌషీన్, అప్పుడే బడిల పడ్డది.

యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజులు. మోటర్లు ఎక్కువ కాలేది అప్పుడే. యాకూబ్‌కు అన్నం తినేతందుకు గూడ ఇంటికి వచ్చే తీరిక లేదు. అంతకుముందు కొన్ని దినాల కింద ఆఫ్రీన్‌కు విరేచనాలైనయ్. గోలీలు ఏసినం, తగ్గినయ్. పిల్లలకు అయితనే ఉంటయి గదా అని మరిచిపోయినం.

ఆ రోజు పొద్దుగాల జడలు ఏస్తుంటె, "అమ్మీ, కాళ్లు తిమ్మిరెక్కినయ్" అన్నది.

"మడుచుకోని కూసున్నవు గదా, జర జాడించు" అన్న.

జాడించింది. చెప్పులు తొడుక్కున్నది. ఒక చెప్పు రెండుసార్లు జారిపోయింది. నవ్వుకుంట మళ్ల తొడుక్కోని బడికి నడిచి పోయింది. నేను గుమ్మంల నిలవడి చూసిన. మంచిగనే నడిచింది.

మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. "మీ పాప మెట్లెక్కలేకపోతున్నదమ్మా, వచ్చి తీసుకపోండ్రి." ఎండకు కండ్లు తిరిగినయేమోననుకోని గ్లూకోజ్ పాకెట్ కొనుక్కోని పోయిన. టీచరమ్మ దాన్ని బెంచి మీద కూసోవెట్టి రెండు చేతుల పట్టుకోని ఉన్నది. ఎత్తుకుంటె నా బిడ్డ కాళ్లు రెండు ఏలాడవడ్డయ్. తడి బట్ట లెక్క. అంత పెద్ద పిల్లను ఎత్తుకుంటె అది కాళ్లతోని నా నడుము పట్టుకోవాలె గదా. పట్టుకోలే.

అటునుంచటే మా ఊరి డాక్టరు కాడికి తీసుకపోయిన. ఆయన చిన్న సుత్తె అసొంటిదానితోని మోకాలు మీద కొట్టిండు. కాలు ఎగరలే. ఇంకో కాలు మీద కొట్టిండు. ఎప్పుడు నవ్వుకుంట మాట్లాడే మనిషి మొఖం మారిపోయింది. "అమ్మా, ఇంటికి పోకుండ్రి. బట్టలు గిట్ల ఏం తెచ్చుకోవద్దు. ఇటే వరంగల్ పోండ్రి" అన్నడు.

యాకూబ్ దుకాణం బంద్ చేసి ఉరికొచ్చిండు. కిరాయి కారుల పోతుంటె దూపైతుందన్నది. నీళ్ల బాటిల్ చేతికిచ్చిన. బాటిల్ జారి కింద పడ్డది. అది నా దిక్కు చూసి, "అమ్మీ, నువ్వే పట్టు. చేతులు గూడ రావట్లే" అన్నది. ముందల సీట్ల కూసున్న యాకూబ్ ఎనుకకు తిరిగిండు. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

వరంగల్ల డాక్టరు రోగం పేరు చెప్పిండు. గులియన్ బారే అంటరట. విరేచనాలో, జరమో వచ్చి తగ్గినంక, ఒంట్ల రోగాన్ని కొట్టే బలమే దారి తప్పి మన నరాలనే కొడ్తదట. కాళ్లల్ల మొదలై పైకి ఎక్కుతదట. "ఊపిరి తీసే కండల దాక పోతే మిషన్ పెట్టాల్సి వస్తది. ఆలస్యం చేయకుంట హైదరాబాద్ తీస్కపోండ్రి" అన్నడు.

యాకూబ్ ఒక్కటే మాట అన్నడు. "సార్, పొద్దున బడికి నడిచి పోయింది."

అదే మాట అంబులెన్సు డ్రైవరుకు చెప్పిండు. హైదరాబాద్ల గేటు కాడ వాచ్‌మెన్‌కు చెప్పిండు. ఐసీయూల సంతకాలు పెట్టిచ్చుకునే పిలగానికి చెప్పిండు. "పొద్దున నడిచి పోయింది తమ్మీ, నువ్వు నమ్ముతవా?" వాడు ఏమంటడు? తల ఊపి, "ఇక్కడ సంతకం పెట్టన్నా" అన్నడు.

తెల్లారేసరికి నా బిడ్డ నోట్లె గొట్టం పెట్టిండ్రు. ఊపిరి మిషన్ తీస్తున్నది. కండ్లు మాత్రం తిరుగుతున్నయ్.

మార్చి

నౌషీన్‌ను ఊర్ల మా అత్తమ్మ చూసుకుంటున్నది. ఐసీయూ బయట హాలుల చాపలు పరుచుకోని పేషంట్ల తాలూకోళ్లం అందరం ఉండేది. భూపాలపల్లి దిక్కు తండా నుంచి వచ్చిన బుజ్జి అనే ఆమె నా పక్కన ఉండేది. వాళ్ల పిలగానికి తలల చీము పట్టింది. వాళ్లింట్ల మాట్లాడే భాష నాకు రాదు, మా ఇంట్ల భాష ఆమెకు రాదు. ఇద్దరం తెలుగుల మాట్లాడుకునేది. రంజాన్ మొదలైంది. నేను ఉపవాసమున్ననని ఎవరు చెప్పిండ్రో ఏమో, పొద్దు గూకంగనే ఆ తల్లి ఎక్కడికెంచో రెండు అరటిపండ్లు తెచ్చి నా ఒడిల పెట్టేది. "తినక్కా. నువ్వు పడిపోతే పిల్లకెవరు?" అనేది.

సీసాలల్ల వచ్చే మందు ఎక్కియ్యాలన్నరు. మనిషి రక్తంల నుంచి తీసే మందట. దాని ధర విని యాకూబ్ గోడకు ఒరిగి కూసున్నడు. నా ఒంటి మీది బంగారం పోయింది, దుకాణంల కొత్తగ కొన్న మిషన్ పోయింది. మొదటి సీసాలు వచ్చినయ్. మిగతాయి తొందరగ కావాలె. అప్పుడే సర్కారు సాయం కాయితాలకు మా రేషన్ కార్డు, ఆధార్ కార్డులు అడిగిండ్రు. వచ్చిన రోజు ఏం తెచ్చుకోలేదు గదా. యాకూబ్ ఉంటనన్నడు, నేను ఊరికి బయలెల్లిన.

జనగామల బస్సు మారిన. పాలకుర్తి దాటినంక యాకూబ్‌కు ఫోన్ చేద్దామనుకున్న. ఫోన్ తీసి చూస్తే చార్జింగ్ లేక బందయ్యున్నది. తొర్రూరుల బస్సు మలుపు తిరుగుతుంటె కిటికీలకెంచి చూసిన.

చౌరస్తా కాడ పెద్ద ఫ్లెక్సీ. అండ్ల నా బిడ్డ. బడిల తీసిన ఫోటో. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు.

మా దిక్కు చౌరస్తల ఫ్లెక్సీ మీద ఫోటో ఎప్పుడు పడ్తదో చిన్నపిల్లలకు గూడ ఎరికే. లీడరు పుట్టినరోజన్న కావాలె, లేకుంటె మనిషన్న పోవాలె. నా బిడ్డ లీడరు కాదు.

నాకు అక్షరాలు కనవడలే. ఫోటో ఒక్కటే కనవడ్డది. నేను బస్సెక్కినంక ఏదో అయ్యింది, నాకంటె ముందల ఊరికి తెలిసింది, నాకు చెప్పేటోళ్లు లేరు అనుకున్న. బస్సు ఆగంగనే దిగవోయి మెట్ల మీదనే కూలవడ్డ. కండక్టరు ఏదో అడుగుతున్నడు.

బస్టాండు పక్కన చాయ్ హోటల్ నడిపే సోమక్క ఉరికొచ్చింది. "రజియా! ఓ రజియా! ఏందే, ఏమైంది?"

ఆమె కొంగు పట్టుకోని అడిగిన. "నా బిడ్డ పోయిందా అక్కా?"

సోమక్క ఒక్కసారి బిక్కచచ్చింది. నా కండ్లు ఎటు చూస్తున్నయో చూసింది. వెంటనే నా భుజాలు పట్టి ఊపింది. "థూ, గదేం మాటే! నాకు సదువు రాదు గని అండ్ల ఏం రాపిచ్చిండ్రో నాకు ఎరికే. మన ఆఫ్రీన్‌ను బతికిచ్చుకుందాం అని ఉన్నది. సదువు, నువ్వే సదువు!"

చదివిన. అదే ఉన్నది. కింద చిన్న అక్షరాలల్ల దుకాణాల పేర్లు. బట్టల దుకాణం, మందుల దుకాణం, చికెన్ సెంటర్, ఎరువుల దుకాణం, సెలూన్, మిర్చిబండి, సోమక్క చాయ్ హోటల్. చదువుకుంట పోతుంటె పేర్లు అయిపోతలేవు. నాకు ఏడుపు ఆగలే. ఎందుకు ఏడుస్తున్ననో నాకే తెల్వలే. బతికున్నదని ఏడుస్తున్ననా, ఇంతమంది పేర్లు చూసి ఏడుస్తున్ననా.

కిరాణం లింగన్న వచ్చిండు. మా రోడ్డు మీద దుకాణాలోళ్లందరికి పెద్దమనిషి అసొంటోడు. సంగతి తెలిసి ఆయన మొఖం పాలిపోయింది. "అయ్యో బిడ్డా, తల్లి గిట్ల అనుకుంటదని మా ఒక్కనికి గూడ తట్టలే" అని తల పట్టుకున్నడు. అక్కడికక్కడనే ఫ్లెక్సీ కొట్టేటాయనకు ఫోన్ చేసి, ఫోటో చిన్నగ చేసి అక్షరాలు పెద్దగ చెయ్యమన్నడు.

వాళ్లు చేసింది ఏందంటే, అంగడి రోజు ఆ రోడ్డు మీద దుకాణాలన్నిటి గల్లా ఆఫ్రీన్‌దే అని ఒక్క మాట అనుకున్నరు. లాభం కాదు, ఆ రోజు వచ్చిందంత. పొరుగు ఊర్లల్ల గూడ చెప్పిండ్రు. పాలకుర్తిల ఆటోలోళ్లు డబ్బా పట్టుకోని తిరిగిండ్రట. తరిగొప్పుల నుంచి ఒక వెల్డింగ్ దుకాణమాయన, యాకూబ్ మొఖం ఎన్నడు చూడనోడు, పంపిండట.

సోమక్క ఫోన్ నుంచి యాకూబ్‌కు చేసిన. సంబురపడ్తడనుకున్న. "నా బిడ్డ ఫోటో బజార్ల పెట్టిండ్రా?" అన్నడు. "నన్ను అడిగిండ్రా? నేను ఇన్నేండ్ల సంది ఎవ్వల ముందల చెయ్యి చాపలే. తీసేయమను."

"తీసేస్తే మందు ఎక్కడికెంచి తెస్తవ్?" అన్న.

"నా కిడ్నీ అమ్ముకుంట."

"నువ్వు పిచ్చోనివా?" అని నేను గూడ అరిసిన. హోటల్ల చాయ్ తాగెటోళ్లు మా దిక్కు చూస్తున్నరు. లింగన్న నా చేతిలకెంచి ఫోన్ తీసుకున్నడు.

"యాకూబ్, నేను. నువ్వు చెయ్యి చాపలేదురా, ఎవరన్నరు నువ్వు చాపినవని? ఆ పిల్ల రోజు బడికి మా దుకాణాల ముందలకెంచే పోతది. కనవడకపోతే మాకు మనసుల ఎట్లున్నదో నీకు తెల్వదు. బిడ్డ నీ ఒక్కనిదే అనుకోకు. ఇంక తిడితే వచ్చినంక తిట్టు, ఇప్పుడు మందు కొను."

యాకూబ్ అవతల ఏడ్చిండు. పెండ్లయినంక ఆయన ఏడ్చుడు నేను విన్నది అదే మొదలు.

కార్డులు తీసుకునేతందుకు ఇంటికి పోతుంటె మా దుకాణం షట్టర్ తీసి ఉన్నది. లోపల ఎంకన్న కూసోని మోటర్‌కు తీగ చుడుతున్నడు. ఎంకన్నది మా ఎదురుంగ ఉన్న వైండింగ్ దుకాణమే. గిరాకీ కాడ కొట్లాటయి యాకూబ్‌కు ఆయనకు మాటల్లేక ఏండ్లయింది. మేము దవాఖానల పడుంటె మా దుకాణం గుంజుకుంటున్నడనుకున్న.

"ఏంది ఎంకన్నా గిది?"

ఆయన తల లేపలే. "రైతులు మోటర్లు ఇచ్చిపోయిండ్రు. ఇప్పుడు నీళ్లు లేకపోతే వరి ఎండిపోతది, వాళ్లు ఎక్కడికి పోవాలె? మీ అత్తమ్మ తాళం ఇచ్చింది. నాయి చేసుకున్నంక వచ్చి మీయి చేస్తున్న. వచ్చిన పైసలు లింగన్న కాడ ఇస్తున్న." తీగ చుట్టుకుంటనే, "యాకూబ్‌కు చెప్పకు. ఫోన్ల నాతోని కొట్లాడుతడు" అన్నడు.

నేను గడప మీద అట్లనే నిలవడ్డ. మనుషుల గురించి నాకు తెలుసనుకున్నదంత ఆ నెల తలకిందులైంది.

మందు సీసాలన్ని ఎక్కిచ్చిండ్రు. నాకేమో, మందు ఎక్కంగనే లేసి కూసుంటదన్న ఆశ. ఏం కాలే. మరుసటి రోజు గూడ ఏం కాలే. "నరాలు కదా అమ్మా, టైం పడ్తది. కొందరికి వారాలు, కొందరికి నెలలు" అన్నది పిల్లల డాక్టరమ్మ. ఊరంతా కూడి ఇచ్చిన పైసలు నీళ్లల్ల పోసినట్టైందా అని భయమైంది. ఇప్పుడు లింగన్నకు ఫోన్ చేసి ఏం చెప్పాలె?

యాకూబ్ అక్క, పిల్లలు ఫుప్పు అని పిలిచే ఆమె, చూసేతందుకు వచ్చింది. మంచం పక్కన నిలవడి నోటికి కొంగు అడ్డం పెట్టుకోని, "ఇంక ఈ పిల్ల మనకు దక్కదు తమ్మీ. మిషన్ మీద ఎన్ని దినాలని పెడతరు?" అన్నది. బయటికొచ్చినంక నేను ఆమెతోని గట్టిగనే మాట్లాడిన. యాకూబ్ నన్నే ఊకోమన్నడు. ఆ రెండు రోజులు మేం ఒకే చాప మీద కూసోని గూడ మాట్లాడుకోలే.

లోపలికి పోనిచ్చిన కాసేపు ఏం మాట్లాడాల్నో నాకు తెలిసేది కాదు. దాని కండ్లు నా మొఖం మీదనే ఉండేటియి. ఏడిస్తే భయపడ్తది. అందుకని మా బస్టాండు రోడ్డు చెప్పుడు మొదలువెట్టిన. "ఇయ్యాల సోమవ్వ ఫోన్ చేసింది, నువ్వొస్తె ఉస్మానియా బిస్కెట్లు ఇస్తదట. లింగన్న తాత నువ్వు రోజు గీకే గోడకు సున్నం ఏపిచ్చిండట. ఎంకన్న మామ మన దుకాణం తెరిచి మోటర్లు చుడుతున్నడు." ఒక్కొక్క దుకాణం దాటుకుంట బడి గేటు దాక చెప్పేదాన్ని. వింటున్నదో లేదో తెల్వదు. సిస్టరమ్మ మాత్రం మిషన్ దిక్కు చూపిచ్చి, "నువ్వు మాట్లాడుతుంటె గుండె నిమ్మళంగ కొట్టుకుంటున్నది చూడు" అన్నది.

ఈద్ రోజు మేం హాలుల్నే ఉన్నం. బుజ్జి వాళ్ల పిలగాన్ని అంతకుముందు రోజే ఇంటికి పంపిండ్రు. పోయేటప్పుడు ఆమె తన చాప నాకిచ్చి పోయింది. లోపలికి పోయి నేను రోడ్డు చెప్పుకుంట సెలూన్ దాక వచ్చిన. నా బిడ్డ భుజం కదిలింది. నేను చెప్పుడు ఆపేసిన. మళ్ల కదిలింది. "సిస్టర్!" అని ఎంత గట్టిగ అరిసిన్నో, ఐసీయూల ఉన్నోళ్లందరు నా దిక్కు తిరిగిండ్రు.

ఏప్రిల్

తరువాత ఒక్కొక్కటి పై నుంచి కిందికి వచ్చింది. భుజాలు, మోచేతులు, వేళ్లు. కొన్ని రోజులకు గొట్టం తీసిండ్రు. గొంతు బొంగురు పోయింది. ఏం మాట్లాడుతదో అని ఇద్దరం వంగి నిలవడ్డం. అమ్మీ అని నన్ను పిలుస్తదనుకున్న నేను, అబ్బా అని తనను పిలుస్తదనుకున్నడు యాకూబ్.

"ఎంకన్న మామ నిజంగనే మన దుకాణం తెరిచిండా?" అన్నది.

యాకూబ్ నా దిక్కు చూసిండు. అప్పటిదాక ఆయనకు చెప్పలే. "ఏ ఎంకన్న? మన ఎదురుంగ ఎంకన్నా?" అన్నడు. చెప్పిన. ఆయన బయటికి పోయి, కారిడార్ల చాలాసేపు ఫోన్ చెవికి పెట్టుకోని నిలవడ్డడు. వాళ్లు ఏం మాట్లాడుకున్నరో నేను అడగలే, ఆయన చెప్పలే.

అంటే, అది అన్ని విన్నది. నేను చెప్పిన రోడ్డంత విన్నది. రెండు రోజులైనంక వార్డుల అన్నం తినిపిస్తుంటె ఇంకో మాట అన్నది.

"ఫుప్పు నేను దక్కనన్నది గదా అమ్మీ. నాకు అన్ని ఇనవడ్తున్నయ్. లేదు, నేనున్న అని చెప్దామంటె నోరు రాలే."

నా చేతిల బుక్క అట్లనే ఉండిపోయింది. ఒంట్ల ఒక్క వేలు గూడ కదలక, నోట్లె గొట్టంతోని, తను చనిపోతదన్న మాట విన్నది నా బిడ్డ. ఎవరికి చెప్పుకోలేక దాన్ని మనసుల పెట్టుకోని పండుకున్నది. ఇప్పటిదాక జరిగిన వాటన్నిట్ల నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

అందుకే ఇది చదివేటోళ్లకు రెండు మాటలు చెప్త. పిల్లలకు విరేచనాలో, జలుబో తగ్గినంక కాళ్లు తిమ్మిరంటె, మెట్లెక్కలేననంటె, ఊకె గారాబం పోతున్నరనుకోకుండ్రి. ఆ పూటనే దవాఖానకు తీస్కపోండ్రి. ఇంకొకటి, కండ్లు మూసుకున్న మనిషి ముందల, కదలని మనిషి ముందల ఏది పడితే అది మాట్లాడకుండ్రి. వాళ్లు వింటరు.

జూన్

ఇంటికొచ్చినం. చేతికర్ర పట్టుకోని నడుస్తున్నది. కుడికాలు మంచిగైంది, ఎడమకాలు ఈడ్చుకుంట వచ్చేది. ఫిజియోథెరపీ చేసేటామె ఎడమకాలు లేపమంటె లేపలేకపోయేది, ఏడ్చేది. "లేస్తది, టైం పడ్తది" అనేది ఆమె. టైం పడ్తదన్న మాట వినుడంటె నాకు ఒళ్లు మండేది.

మొదటిసారి రోడ్డు మీదికి తీసుకపోయిన రోజు దుకాణాలోళ్లందరు బయటికొచ్చిండ్రు. అందరు ఏదో పని ఉన్నట్టు బయట నిలవడ్డరు. సోమక్క మాత్రం ఉరికొచ్చి దాని మొఖం రెండు చేతుల పట్టుకున్నది. ఎంకన్న తన దుకాణంల కూసోని తలకాయ వంచుకోనే చేతితోని సలాం అన్నడు. యాకూబ్ అటు పోయి ఆయన పక్కన స్టూలు మీద కూసున్నడు. చాయ్ రెండు తెప్పిచ్చిండ్రు.

అప్పులు ఇంకా ఉన్నయ్. మా ఆడబిడ్డ ఇంటికి నేను ఇంక పోలే. ఆఫ్రీన్ ఒక్కతే రూముల పండుకోదు. లైటు బంద్ చేయనియ్యది. బాగైంది అంటె అంతా మునుపటి లెక్కనే అయ్యిందని కాదు.

కాని పోయిన వారం, నేను జాకెట్ కుడుతుంటె లోపల కొట్లాట చప్పుడైంది. రంగు పెన్సిళ్ల కాడ. నౌషీన్ ముక్కు చీదుకుంట ఉరికొచ్చి నా ముందల నిలవడ్డది.

"అమ్మీ, ఆఫ్రీన్ ఆపా నన్ను తన్నింది!"

మిషన్ ఆపిన. "తన్నిందా? ఏ కాలుతోని?"

పిల్లకు ఏడుపు ఆగిపోయింది. నేను ఏమడుగుతున్ననో దానికి అర్థం కాలే. కాసేపు ఆలోచించి, తన ఎడమకాలు చూపిచ్చి, "గీ కాలుతోని. గట్టిగ" అన్నది.

నేను దాన్ని దగ్గరికి తీసుకోని, తన్నిన కాడ రాసుకుంట, లోపలికి కేకేసిన. "ఆఫ్రీన్! ఇటు రా. మళ్ల ఒకసారి తన్ను, నేను చూడాలె."